యూరిన్ ఇన్ఫెక్షన్ బ్యాక్టీరియా: రోగం తెచ్చే సత్తా, మందుకు లొంగని మొండితనం – తరచుగా అడిగే ప్రశ్నలు

యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే చాలామంది ముందుగా చూసేది అందులో ఎన్ని ‘ఆర్’లు (ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదనే గుర్తు) ఉన్నాయని. నాలుగైదు కనిపిస్తే చాలు, టెన్షన్ మొదలవుతుంది. కానీ ఆ కాగితం చెప్పేది సగం కథే. ఈ సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అన్నంత వరకే అందులో ఉంటుంది. అది ఒంట్లో ఎంత హాని చేయగలదో అందులో ఉండదు. ఆ రెండు సగాల గురించీ తరచుగా వచ్చే ప్రశ్నలు ఇవి. ఇది చదివి మందు మీరే ఎంచుకోవద్దు, అది డాక్టరు పని.

రిపోర్టులో చాలా మందుల పక్కన ‘ఆర్’ అని ఉంది. నాకు వచ్చింది భయంకరమైన బ్యాక్టీరియా అనుకోవాలా?

అక్కర్లేదు. రోగం తెచ్చే సత్తా వేరు, మందుకు లొంగని గుణం వేరు. మొదటిదాన్ని విరులెన్స్ అంటారు, రెండోదాన్ని రెసిస్టెన్స్ అంటారు. అన్ని మందులకూ ‘ఎస్’ (లొంగుతుందనే గుర్తు) వచ్చిన ఈ.కోలి అనే బ్యాక్టీరియా కూడా కిడ్నీ దాకా ఎక్కి, రక్తంలో కలిసి మనిషిని ఐసీయూకి చేర్చగలదు. పది మందులకు ‘ఆర్’ వచ్చిన ఈ.కోలి మూత్రాశయంలో నెలల తరబడి చడీచప్పుడు లేకుండా పడి ఉండొచ్చు. ఆ మనిషికి దాని ఊసే తెలియకపోవచ్చు.

రెండింటి జన్యువులూ చాలావరకు వేర్వేరు చోట్ల ఉంటాయి. రోగం తెచ్చే జన్యువులు ఎక్కువగా బ్యాక్టీరియా క్రోమోజోములోనే గుంపులు గుంపులుగా ఉంటాయి. మందును ఎదిరించే జన్యువుల్లో చాలావాటిని ప్లాస్మిడ్లు మోస్తాయి. ఇవి క్రోమోజోముతో సంబంధం లేకుండా విడిగా తిరిగే చిన్న డీఎన్ఏ వలయాలు. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంటాయి.

అలాగని ‘ఆర్’లను తీసిపారేయకూడదు. మొదట రాసిన మందు పనిచేయకపోతే సరైన మందు పడేలోగా రెండు మూడు రోజులు గడిచిపోతాయి. మూత్రంలో మంట వరకే ఉంటే ఆ ఆలస్యం వల్ల బాధ పడతాం, అంతే. కిడ్నీకి ఎక్కి చలిజ్వరం వచ్చినప్పుడైతే ఆ రెండు రోజులే కొంప ముంచుతాయి.

అసలు ఈ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది?

దాదాపు ఎప్పుడూ మన పేగుల నుంచే. వేరే జబ్బులేవీ లేనివారికి వచ్చే మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్లలో సుమారు నాలుగింట మూడొంతులు ఈ.కోలి వల్లే వస్తాయి. జర్మన్ పిల్లల వైద్యుడు థియోడోర్ ఎషెరిచ్ 1885లో దీన్ని గుర్తించింది కూడా పసిపిల్లల మలంలోనే. మలద్వారం దగ్గరి చర్మం మీదుగా మూత్రద్వారం చేరి, అక్కడి నుంచి పైకి పాకుతుంది. ఆడవారికి మూత్రనాళం పొట్టిగా ఉంటుంది, మలద్వారానికి దగ్గరగానూ ఉంటుంది. వారికి ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువ రావడానికి ముఖ్య కారణం అదే. శుభ్రత లేకపోవడం వల్లే వచ్చిందని నిందించేవాళ్లు ఈ శరీర నిర్మాణాన్ని మర్చిపోతారు. ఎంత శుభ్రంగా ఉండేవారికైనా ఇది వస్తుంది.

పేగుల్లో బుద్ధిగా ఉండే ఈ.కోలి మూత్రాశయంలోకి వెళ్తే ఎందుకు రెచ్చిపోతుంది?

పేగుల్లోని ఈ.కోలి అంతా ఒకే బాపతు కాదు. వాటిలో కొన్ని రకాలకే మూత్రాశయంలో బతికే సామగ్రి ఉంటుంది. పేగులో అవి ఎవరికీ హాని చేయవు, అక్కడ ఉన్నంతకాలం వాటి ఉనికే మనకు తెలియదు.

ఆ సామగ్రిలో అన్నిటికన్నా ముఖ్యమైనది పట్టు. మూత్రాశయం కొన్ని గంటలకోసారి ఖాళీ అవుతుంది. గోడను పట్టుకోలేనిది బయటికి పోవాల్సిందే. అందుకే ఈ బ్యాక్టీరియా ఒంటి నిండా సన్నని వెంట్రుకల్లాంటి పోగులు ఉంటాయి. వాటిని ఫింబ్రియా అంటారు. టైప్ 1 అనే రకం పోగు కొనకు ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది మూత్రాశయం లోపలి పొరలోని యూరోప్లాకిన్ అనే ప్రొటీన్ మీదుండే మానోస్ చక్కెరను పట్టుకుంటుంది. ఉత్తరేణి గింజ చీర కుచ్చిళ్లకు అంటుకున్నట్టే అనుకోండి, ఒక్క తేడాతో. మూత్రం వేగంగా పారుతున్నప్పుడు ఫిమ్‌హెచ్ పట్టు ఇంకా బిగుస్తుంది. పారుదల ఆగాక పట్టు సడలి, బ్యాక్టీరియా పక్కకు జరిగి కొత్తచోటు వెతుక్కుంటుంది. లాగేకొద్దీ బిగిసే బంధం ఇది.

మన శరీరం కూడా ఊరుకోదు. కిడ్నీలు యూరోమాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను మూత్రంలోకి వదులుతాయి. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఇదే. దాని మీద కూడా మానోస్ ఉంటుంది. గోడ అనుకుని బ్యాక్టీరియా దీన్ని పట్టుకుంటే మూత్రంతో పాటే బయటికి పోతుంది.

ఇంకో సంగతి: ఈ పోగులను బ్యాక్టీరియా ఎప్పుడూ బయటే ఉంచదు. వాటిని నడిపే జన్యువు ముందు ఒక చిన్న డీఎన్ఏ ముక్క ఉంటుంది. ఆ ముక్క ఒకవైపు తిరిగి ఉంటే పోగులు పుడతాయి, తిరగబడితే ఆగిపోతాయి. పోగులుంటే రోగనిరోధక కణాలకూ సులువుగా దొరికిపోతుంది కాబట్టి, ఒకే గుంపులో కొన్ని పోగులతో, కొన్ని పోగుల్లేకుండా ఉంటాయి.

మరి నీళ్లు ఎక్కువ తాగితే లాభం లేదా?

ఉంది. ఇప్పటికే అంటుకున్నదాన్ని పూర్తిగా కడిగేయలేకపోయినా, తేలుతూ తిరిగేవి బయటికి పోతాయి, వాటి సంఖ్య తగ్గుతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే ఆడవారిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపును రోజూ మరో లీటరున్నర నీళ్లు అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, రెండో గుంపుకు 3.2 సార్లు. ఏ మందూ వాడకుండా ఇంత తేడా రావడం చిన్న విషయం కాదు. అయితే ఇది తక్కువ తాగేవారి లెక్క. ఇప్పటికే కావలసినంత తాగేవాళ్లు ఇంకా తాగితే ఇంతే లాభం ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లు కొలిచి తాగమని చెప్పినవారు డాక్టరును అడగకుండా పెంచకూడదు.

మూత్రాశయం నుంచి కిడ్నీకి ఎలా ఎక్కుతుంది? ఎక్కిందని ఎలా తెలుస్తుంది?

ఈ.కోలికి ఫ్లాజెల్లా అనే తోకలుంటాయి. వాటితో మూత్రం పారే దిశకు ఎదురీది పైకి పోతుంది. కిడ్నీలో పట్టు దొరకడానికి టైప్ 1 పోగులు చాలవు. పీ ఫింబ్రియా అనే ఇంకో రకం కావాలి. వీటి కొనన ఉండే పాప్‌జీ ప్రొటీన్ కిడ్నీ కణాల మీది గ్లైకోలిపిడ్లను (చక్కెర తగిలిన కొవ్వు అణువులను) పట్టుకుంటుంది. కిడ్నీ ఇన్ఫెక్షన్ తెచ్చే రకాల్లో ఈ పోగులు ఎక్కువగా కనిపించడం దశాబ్దాలుగా తెలిసిన విషయమే. దానికి తోడు కొన్ని రకాలు హీమోలైసిన్ అనే విషాన్ని వదులుతాయి. అది మన కణాల పొరకు చిల్లులు పొడుస్తుంది.

మీకు తెలియాల్సింది మాత్రం ఈ పేర్లు కాదు, లక్షణాలు. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి: ఇవి మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్ లక్షణాలు. వణుకుతో జ్వరం, నడుముకు ఒకవైపు పక్కటెముకల కింద నొప్పి, వాంతులు వస్తే కిడ్నీకి ఎక్కిందని అనుమానించాలి. అప్పుడు కల్చర్ రిపోర్టు కోసం ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చోకూడదు. తికమకగా మాట్లాడటం, ఊపిరి వేగం పెరగడం, బీపీ పడిపోవడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. గర్భిణులు, మగవారు, పిల్లలు, షుగర్ ఉన్నవారు, ఒకటే కిడ్నీ ఉన్నవారు మామూలు మంటకైనా ఆలస్యం చేయకుండా చూపించుకోవడం మంచిది.

బ్యాక్టీరియాకు ఇనుముతో ఏం పని?

ఇనుము లేనిదే దాదాపు ఏ బ్యాక్టీరియా పెరగదు. మూత్రంలో ఇనుము చాలా తక్కువ. ఉన్న కాస్తా మన ప్రొటీన్లు పట్టి ఉంచుతాయి. కాబట్టి ఈ.కోలి సైడరోఫోర్లు అనే చిన్న అణువులను బయటికి వదిలి, అవి పట్టుకున్న ఇనుముతో సహా వాటిని వెనక్కి లాక్కుంటుంది. ఎంటెరోబాక్టిన్ అనే సైడరోఫోర్‌ను ఈ.కోలి దాదాపు అన్నీ తయారుచేసుకోగలవు. మన శరీరం దానికి విరుగుడుగా లిపోకాలిన్-2 అనే ప్రొటీన్‌ను దించుతుంది. అది ఎంటెరోబాక్టిన్‌ను మధ్యలోనే పట్టేస్తుంది. దానికి బ్యాక్టీరియా ఎత్తుకు పైఎత్తు ఏమిటంటే, అదే అణువుకు చక్కెర తగిలించి సాల్మోకెలిన్‌గా మార్చడం. లిపోకాలిన్ దాన్ని పట్టుకోలేదు. మూత్రంలో రోగం తెచ్చే రకాల్లో ఏరోబాక్టిన్, యెర్సినియాబాక్టిన్ లాంటివి మరికొన్ని కూడా ఉంటాయి. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి. ఈ ఇనుము దొంగతనం చివరి ప్రశ్నలో మళ్లీ పనికొస్తుంది.

మందు పనిచేసింది, కల్చర్ నెగెటివ్ వచ్చింది. అయినా రెండు నెలల్లో మళ్లీ ఎందుకు వచ్చింది? రెసిస్టెన్స్ వచ్చిందా?

చాలాసార్లు కాదు. మళ్లీ వచ్చిన బ్యాక్టీరియా పాత మందుకు లొంగేదే అయి ఉండొచ్చు. ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చిన ఆడవారిలో 20 నుంచి 30 శాతం మందికి ఆరు నెలల్లోపే మళ్లీ వస్తుంది. దీనికి రెండు ముఖ్య కారణాలున్నాయి.

ఒకటి, పేగు. మూత్రాశయంలో బ్యాక్టీరియా చచ్చినా పేగులోని దాని బంధుగణం అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు అదే దారిలో మళ్లీ ఎక్కుతుంది.

రెండోది మూత్రాశయం గోడలోనే దాక్కోవడం. దీన్ని ఎక్కువగా ఎలుకల్లో చూశారు. గోడను పట్టుకున్న ఈ.కోలి కణం లోపలికి దూరిపోయి, ఒక్కటి వేలై, కణం నిండా ముద్దకడుతుంది. అక్కడికి రోగనిరోధక కణాలు రాలేవు, చాలా యాంటీబయాటిక్‌లు కూడా సరిగ్గా చేరవు. ప్రమాదం పసిగట్టిన మూత్రాశయం పై పొర కణాలను రాల్చేస్తుంది. బ్యాక్టీరియా వాటితో పాటే బయటికి పోతుంది. మంచి ఎత్తే, కానీ పై పొర పోతే కింది కణాలు బయటపడతాయి, మిగిలిన బ్యాక్టీరియా వాటిలోకి దూరుతుంది. అక్కడ కొన్ని పెరగకుండా, విభజన చెందకుండా వారాల తరబడి నిద్రపోతాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపుతాయి కాబట్టి ఇవి బతికిపోతాయి. ఇన్ఫెక్షన్ ఉన్న ఆడవారి మూత్రంలో రాలిన కణాల్లో కూడా ఇలాంటి ముద్దలు కనిపించాయి.

అంటే రెసిస్టెన్స్ లేకపోయినా మందుకు దొరక్కుండా తప్పించుకోవచ్చన్నమాట. ఇది విరులెన్స్ చేసే పని. ‘ఎస్’ అని ఉన్న మందు వాడినా మళ్లీ వచ్చిందంటే ల్యాబ్ తప్పు చేసిందని అనుకోనక్కర్లేదు.

ఈ.కోలి కాకుండా వేరే పేరు వస్తే?

క్లెబ్సియెల్లా: చుట్టూ మందమైన జిగురు పొర ఉంటుంది. మందులకు లొంగని జన్యువులను పోగేసుకోవడంలో దీనిది అందెవేసిన చేయి. ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రోటియస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది యూరియేజ్ అనే ఎంజైముతో మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో మూత్రం క్షారంగా మారుతుంది. మెగ్నీషియం, ఫాస్ఫేటు, అమ్మోనియం కలిసి స్ట్రువైట్ రాళ్లు పేరుకుంటాయి. బ్యాక్టీరియా ఆ రాయి లోపలే ఉండిపోతుంది. మందుతో మూత్రం శుభ్రమైనా రాయి ఉన్నంతకాలం అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. మాటిమాటికీ ప్రోటియస్ వస్తుంటే, మూత్రం పీహెచ్ ఎక్కువగా ఉంటుంటే, స్కానింగ్ చేయించాలా అని అడగండి. క్యాథెటర్‌ను (మూత్రం పోవడానికి పెట్టే గొట్టాన్ని) పూడ్చేసేది కూడా ఎక్కువగా ఇదే. నైట్రోఫ్యూరంటోయిన్ అనే యాంటీబయాటిక్‌కు ఇది పుట్టుకతోనే లొంగదు.

ఎంటెరోకాకస్‌కు సెఫలోస్పోరిన్లు అనే వర్గం యాంటీబయాటిక్‌లు మామూలుగా పనిచేయవు, అది దాని సహజ గుణం. స్టాఫిలోకాకస్ సాప్రోఫైటికస్ ఎక్కువగా యువతుల్లో కనిపిస్తుంది. ఈ రెండూ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చవు కాబట్టి, మూత్రంలో ముంచే పట్టీ పరీక్షలో నైట్రైట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని చెప్పలేం.

బ్యాక్టీరియాకు మందును ఎదిరించడం ఎలా తెలుసు?

మనం నేర్పిందేమీ లేదు. పెన్సిలిన్ ఇంకా మార్కెట్లోకి రాకముందే, 1940లో, ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైము గురించి రాశారు. దాన్ని వాళ్లు చూసింది ఈ.కోలిలోనే. ఈ గుణం ముందు నుంచే ఉంది. మందులు వాడేకొద్దీ అది ఉన్నవే మిగులుతున్నాయి.

ఎదిరించే పద్ధతులు కొన్నే. మందును ముక్కలు చేసే ఎంజైము తయారుచేయడం ఒకటి. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్ల విషయంలో జరిగేది ఎక్కువగా ఇదే. మందు తగలాల్సిన చోటును మార్చుకోవడం ఇంకొకటి: సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ (వీటిని క్వినోలోన్లు అంటారు) పనిచేసే గైరేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైములో ఒకటి రెండు చిన్న మార్పులు వస్తే ఆ మందులకు పట్టు దొరకదు. లోపలికి వచ్చిన మందును పంపుతో బయటికి తోసేయడం, లోపలికి వచ్చే రంధ్రాలను తగ్గించుకోవడం మిగతావి. ట్రైమెథోప్రిమ్, సల్ఫా మందులకైతే బ్యాక్టీరియా అదే పని చేసే వేరే ఎంజైమునే బయటి నుంచి తెచ్చుకుంటుంది.

గైరేజ్ మార్పులు క్రోమోజోములో వస్తాయి, తల్లి నుంచి పిల్లకు పోతాయి. ఎంజైము జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉంటే పక్కనున్న బ్యాక్టీరియాకు కూడా పోతాయి, అది వేరే జాతిదైనా సరే. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల జన్యువులు వరుసగా ఉంటాయి కాబట్టి, వాటిలో ఏ ఒక్క మందు వాడినా మిగతావి కూడా నిలిచిపోతాయి. రిపోర్టులో ‘ఆర్’లు ఒకటొకటిగా కాకుండా గుంపుగా రావడానికి కారణం ఇదే.

ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని రాశారు. అంటే ఇక మందే లేదా?

ఉంది. పెన్సిలిన్లతో పాటు సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మూడో తరం సెఫలోస్పోరిన్లను కూడా విరగ్గొట్టే ఎంజైములను ఈఎస్‌బీఎల్ అంటారు. ఈ.కోలిలో ప్రపంచమంతటా బాగా పాకినవాటిలో సీటీఎక్స్-ఎం-15 ఒకటి.

మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్ అయితే, ఈఎస్‌బీఎల్ ఈ.కోలికి కూడా నైట్రోఫ్యూరంటోయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటి పాత నోటి మందులు చాలాసార్లు పనిచేస్తాయి. నైట్రోఫ్యూరంటోయిన్ 1950ల నుంచి వాడుకలో ఉంది. అది మూత్రంలో చిక్కగా చేరుతుంది, రక్తంలో, కణజాలంలో సరిపడా ఉండదు. దాని బలం అదే, పరిమితీ అదే: కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు, జ్వరం ఉన్నప్పుడు అది పనికిరాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి కూడా ఇవ్వరు. కిడ్నీకి ఎక్కిన ఈఎస్‌బీఎల్ ఇన్ఫెక్షన్‌కు తరచుగా కార్బపెనెమ్ అనే వర్గం యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వాడతారు. ఆ కార్బపెనెమ్‌లను కూడా విరగ్గొట్టే ఎంజైములు వచ్చేశాయి. నిజంగా దడ పుట్టించేది అదీ. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన జాబితాలో కార్బపెనెమ్‌కు లొంగని, మూడో తరం సెఫలోస్పోరిన్లకు లొంగని పేగు జాతి బ్యాక్టీరియా రెండూ అత్యంత కీలకమైన వర్గంలోనే ఉన్నాయి.

రోగం తెచ్చే సత్తా, మందుకు లొంగని గుణం రెండూ ఒకదానిలోనే ఉండవా?

చాలాకాలం ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుందనే అనుకున్నారు. అందుకు ఆధారాలూ కనిపించాయి: క్వినోలోన్లకు లొంగని ఈ.కోలిలో హీమోలైసిన్ లాంటి రోగకారక జన్యువులు తక్కువగా ఉండేవి. మొండిదే గానీ మెత్తనిది అన్నమాట. ఆ ధీమా 2008లో చెదిరింది. వేర్వేరు ఖండాల నుంచి వచ్చిన నమూనాల్లో ఎస్‌టీ131 అనే ఒకే వంశం ఈ.కోలి కనిపించింది. రోగం తెచ్చే రకాలు ఎక్కువగా ఉండే బీ2 అనే వర్గానికి చెందింది, సైడరోఫోర్లూ పట్టు ప్రొటీన్లూ ఉన్నాయి. పైగా సీటీఎక్స్-ఎం-15 కూడా మోస్తోంది, క్వినోలోన్లకూ లొంగదు. పేగుల్లో చాలాకాలం తిష్ఠ వేయగలగడం కూడా దాని విజయానికి కారణమని భావిస్తున్నారు. అలా చూస్తే ఇక్కడ అసలు ఆయుధం విషం కాదు, ఓపికగా కాపురం పెట్టడం. మామూలు కల్చర్ రిపోర్టులో వంశం పేరు ఉండదు, వైద్యానికి దాని అవసరం కూడా లేదు.

రిపోర్టులో అంకెలు ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న అంకె ఉన్న మందే గట్టిదా?

ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఆ అంకె ఎంఐసీ, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస మోతాదు. ప్రతి మందుకూ హద్దు వేరు. నైట్రోఫ్యూరంటోయిన్‌కు 16 వస్తే అది ‘ఎస్’. సిప్రోఫ్లాక్సాసిన్‌కు 1 వస్తే అది ‘ఆర్’. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు, పక్కనున్న అక్షరమే చూడాలి.

‘ఐ’ అన్నదానికి సగం పనిచేస్తుందని అర్థం చెప్పుకోవద్దు. యూరప్ ప్రమాణాల ప్రకారం 2019 నుంచి దాని అర్థం, మోతాదు పెంచితే, లేదా మందు ఆ భాగంలో చిక్కగా చేరితే లొంగుతుందని.

కాలనీ లెక్క, అంటే మూత్రంలో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయన్న అంచనా సంగతి కూడా చెప్పుకోవాలి. మిల్లీలీటరుకు 1,00,000 దాటితేనే ఇన్ఫెక్షన్ అన్న లెక్క 1950లలో ఎడ్వర్డ్ కాస్ పరిశోధన నుంచి వచ్చింది. అది ఇప్పటికీ ల్యాబుల్లో నడుస్తోంది గానీ, స్పష్టమైన లక్షణాలున్న ఆడవారిలో అంతకన్నా చాలా తక్కువ లెక్కతోనూ నిజమైన ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయని వస్తే మాత్రం, నమూనా పట్టేటప్పుడు చర్మం మీదివి కలిసి ఉంటాయి. మధ్యధార మూత్రం (మొదట కాస్త వదిలేసి మధ్యలో పట్టింది) మళ్లీ ఇవ్వడం మేలు.

బాధేమీ లేదు, కానీ కల్చర్ పాజిటివ్. మందు వాడాలా?

గర్భిణులైతే వాడాలి. మూత్రనాళంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్‌కు వెళ్లేవారు కూడా. మిగతావారిలో చాలామందికి అక్కర్లేదు. వయసు పైబడినవారికీ, షుగర్ ఉన్నవారికీ, క్యాథెటర్ ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. క్యాథెటర్ కొన్ని వారాలు ఉంటే బ్యాక్టీరియా చేరడం దాదాపు ఖాయం. బాధ లేకుండా ఉత్త రిపోర్టుకు మందు వేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా అనవసరమైన యాంటీబయాటిక్ వాడకమని నా అభిప్రాయం.

దీనికి మంచి ఉదాహరణ ఈ.కోలి 83972 అనే రకం. స్వీడన్‌లో ఒక బాలిక మూత్రాశయంలో అది సుమారు మూడేళ్లు ఏ బాధా పెట్టకుండా ఉంది. దాని జన్యువులు పరిశీలిస్తే, ఒకప్పుడు రోగం తెచ్చే రకమేనని, కాలక్రమేణా పట్టుకునే పోగులు తయారుచేసే శక్తి పోగొట్టుకుందని తేలింది. తర్వాత పరిశోధకులు మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే కొందరి మూత్రాశయంలోకి దాన్ని కావాలనే ఎక్కించి చూశారు. చెడ్డ రకాలకు చోటు దొరకకుండా చేయడానికి. కొంత ఫలితం కనిపించింది కూడా. ఇటలీలో జరిగిన ఒక అధ్యయనంలోనూ, లక్షణాలు లేకుండా బ్యాక్టీరియా ఉన్న యువతుల్లో మందు వేసినవారికే తర్వాత ఎక్కువసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది.

మంట తగ్గింది. కోర్సు మధ్యలో ఆపొచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు. అలాగని ఎక్కువ రోజులు వాడితే రెసిస్టెన్స్ రాదనుకోవడం కూడా తప్పే. మందు వాడిన ప్రతి రోజూ పేగులోని బ్యాక్టీరియా మీద కూడా దాని ప్రభావం పడుతుంది. అక్కడ లొంగనివి మిగులుతాయి. యాంటీబయాటిక్ వాడాక మొదటి నెలలో ఈ ప్రభావం ఎక్కువ, కొందరిలో ఏడాది దాకా కనిపించొచ్చు. అందుకే ఇప్పుడు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు కోర్సులు చిన్నవయ్యాయి: నైట్రోఫ్యూరంటోయిన్ ఐదు రోజులు, ఫాస్ఫోమైసిన్ ఒక్క మోతాదు. డాక్టరు మూడు రోజులకు రాస్తే తక్కువ రాశారని ఇంకో రెండు రోజులు కొనుక్కోవద్దు. పోయినసారి మిగిలిన మాత్రలు ఈసారి వేసుకోవద్దు. గత మూడు నాలుగు నెలల్లో వాడిన మందు పేరు మాత్రం తప్పక చెప్పండి, మందు ఎంపికలో అది చాలా పనికొస్తుంది.

యాంటీబయాటిక్ లేకుండా ఆపే దారులున్నాయా?

క్రాన్‌బెర్రీ: వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో వేసిన లెక్కలో మాటిమాటికీ వచ్చే ఆడవారికి, పిల్లలకు కొంత ఉపయోగం కనిపించింది. గర్భిణులకు, వృద్ధాశ్రమాల్లో ఉండేవారికి కనిపించలేదు. వచ్చేసిన ఇన్ఫెక్షన్‌కు అది మందు కాదు.

డీ-మానోస్ కథ కాస్త నిరాశే. ఫిమ్‌హెచ్ మానోస్‌ను పట్టుకుంటుంది కదా, మూత్రం నిండా మానోస్ ఉంటే గోడను వదిలేస్తుందనే ఆలోచన వినడానికి ఎంతో బాగుంటుంది. 2024లో బ్రిటన్‌లో సుమారు 600 మంది ఆడవారి మీద జరిగిన పరీక్షలో మందు లేని ఉత్త పొడికీ దీనికీ తేడా కనిపించలేదు.

మెథెనమైన్ హిప్పురేట్ మూత్రంలో ఫార్మాల్డిహైడ్‌గా విడిపోయి బ్యాక్టీరియాను చంపుతుంది. 2022లో వచ్చిన ఫలితాల్లో అది రోజూ వేసుకునే చిన్న మోతాదు యాంటీబయాటిక్‌కు తీసిపోలేదు. నెలసరి ఆగినవారికి యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది. అయినా సిగ్గుపడో, తెలియకో దీని గురించి అడిగేవారు తక్కువ. నాలుక కింద కొట్టుకునే ఎంవీ140 అనే స్ప్రే టీకా కూడా ఉంది. నాలుగు రకాల చంపిన బ్యాక్టీరియాతో చేశారు. కొన్ని దేశాల్లోనే దొరుకుతోంది.

కొత్త మందులేమైనా వస్తున్నాయా?

వస్తున్నాయి. సెఫిడెరోకాల్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో 2019లో అనుమతి దొరికింది. ఇందాక చెప్పిన ఇనుము దొంగతనాన్నే ఇది వాడుకుంటుంది. మందు అణువుకు సైడరోఫోర్ లాంటి భాగం తగిలించారు. అది ఇనుమును పట్టుకుంటుంది, ఆకలి మీదున్న బ్యాక్టీరియా ఆ ఇనుముతో పాటు మందునూ తనే లోపలికి లాక్కుంటుంది. రంధ్రాలు మూసుకున్నవి కూడా చాలావరకు దీనికి చిక్కుతాయి. కార్బపెనెమ్‌కు లొంగనివాటి కోసం దీన్ని దాచి ఉంచుతారు.

నోటి మందుల్లో, యూరప్‌లో దశాబ్దాలుగా వాడుతున్న పివ్‌మెసిల్లినామ్‌కు అమెరికా 2024లో అనుమతి ఇచ్చింది. 2025 మార్చిలో జెపోటిడాసిన్‌కు అనుమతి వచ్చింది. ఇది కూడా సిప్రోఫ్లాక్సాసిన్‌లాగే గైరేజ్ మీదే పనిచేస్తుంది, కానీ వేరే చోట పట్టుకుంటుంది. అందుకే సిప్రోకు ‘ఆర్’ వచ్చిన ఈ.కోలిలో చాలావాటి మీద ఇది పనిచేస్తుంది.